చెరువు రంగు ఎవరి చేతిలో ఉంది?

ఒకే గట్టుకు అటూ ఇటూ రెండు చేపల చెరువులు. రెండింటికీ వచ్చేది ఒకే కాలవ నీరు. వేసిన పేడ, సూపర్ ఫాస్ఫేట్ కూడా ఒకే లెక్క. పది రోజులయ్యేసరికి ఒకటి పచ్చగా చిక్కబడింది. రెండోది తేటపడి, గట్టున నిలబడితే అంచున అడుగు మట్టి కనిపిస్తోంది. చేపల సాగు చేసే ఊళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. తేట చెరువు రైతు అడిగే ప్రశ్న కూడా పాతదే: "నేను వేసిన ఎరువంతా ఏమైపోయిందండీ?"

అలవాటుగా వచ్చే జవాబు, ఎరువు చాల్లేదు, ఇంకో బస్తా వెయ్యమని. ఒక్కోసారి అది నిజమే. కానీ చాలాసార్లు జరిగేది వేరు. ఎరువు పనిచేస్తుంది, నీటిలో పచ్చకణాలు పుడతాయి, పుట్టినవి పుట్టినట్టే మేతకు పోతాయి. ఆ మేసేవి జంతువులే. కాళ్లు, కడుపు, కన్ను ఉన్నవి, గుడ్లు పెట్టేవి. పరిమాణంలో మాత్రం పెద్దది ఆవగింజంత, చిన్నది ధూళి రేణువంత. పాఠ్యపుస్తకాలు వీటిని జంతుప్లవకాలు అంటాయి, చేపల రైతులు జూప్లాంక్టన్ అంటారు. చెరువు పచ్చబడాలో తేటపడాలో ఎరువు ఒక్కటే తేల్చదని, ఈ చిన్న జంతువులూ వాటిని తినే చేపలూ కలిసి తేలుస్తాయని ఈ అధ్యాయంలో చెప్పబోతున్నాను.

గొట్టం అడుగున మడ్డి

నర్సరీ చెరువులో చేప పిల్లల్ని వదలబోయే ముందు అనుభవమున్న రైతు ఒక పరీక్ష చేస్తాడు. గరాటు ఆకారంలో కుట్టిన సన్నటి వల, దాని కొసన గాజు గొట్టం. చెరువులో నాలుగైదు చోట్ల నుంచి బొక్కెనతో తోడి మొత్తం 50 లీటర్ల నీళ్లు అందులోంచి పోస్తాడు. నీళ్లు పోతాయి, జీవులు గొట్టంలో చేరతాయి. చిటికెడు ఉప్పు వేసి గొట్టాన్ని నిలబెడితే అవి చచ్చి అడుగున పేరుకుంటాయి. ఆ మడ్డి ఒకటి రెండు మిల్లీలీటర్లుంటే పిల్లల్ని వదలొచ్చు. మడ్డి పచ్చగా ఉంటే అందులో పచ్చకణాలు ఎక్కువ, గోధుమరంగులో ఉంటే జంతువులు ఎక్కువ. పెద్ద ప్రయోగశాలల్లో జరిగే పరిశోధన కూడా మొదలయ్యేది ఈ వలతోనే. ఒకప్పుడు దాన్ని పిండి మిల్లుల్లో పిండి జల్లించడానికి నేసిన పట్టుగుడ్డతో కుట్టేవారు. ఇప్పుడు నైలాన్ వచ్చింది.

ఉప్పు వేయకముందు ఒక చుక్క తీసి భూతద్దం కింద పెడితే మూడు రకాల వాళ్లు కనిపిస్తారు.

అన్నిటికంటే చిన్నవి రోటిఫర్లు. తల మీద చుట్టూ నూగు ఉంటుంది. అది వరసగా కదులుతుంటే చక్రం తిరుగుతున్నట్టు కనిపించి చూసేవాణ్ణి మోసం చేస్తుంది. గుడ్డులోంచి పుట్టిన రోటిఫర్, మన ఎండలకు వెచ్చబడ్డ నీటిలో ఒకటి రెండు రోజుల్లో తనే తల్లి అవుతుంది. పుట్టి మూడు రోజులైన చేప పిల్ల నోట్లో పట్టే మొదటి ముద్ద ఇదే. అందుకే హేచరీ వాళ్లకు రోటిఫర్ అంటే అంత ప్రాణం.

రెండో రకం డాఫ్నియా, మొయినా కుటుంబం. తెలుగులో నీటి ఈగలంటున్నా ఇవి రొయ్యలకూ పీతలకూ చుట్టాలు. రెండు రెక్కల చిప్పలోంచి తల బయటికి పెట్టి, కొమ్మల్లాంటి మీసాలతో తెడ్డు వేస్తూ ఎగిరెగిరి పడుతుంటాయి. చిప్ప గాజులా పారదర్శకం. వీపు వైపు గుండె కొట్టుకోవడం, పేగులో పచ్చటి మేత కిందికి దిగడం, గుడ్ల అరలో పిల్లలు కళ్లతో సహా తయారై కదలడం, అన్నీ కోయకుండానే కనిపిస్తాయి. ఈ సౌకర్యం వైద్యశాస్త్రానికి కూడా పనికొచ్చింది. రష్యన్ శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ డాఫ్నియా ఒంట్లో చొరబడ్డ ఈస్టు బీజాలను రక్తకణాలు చుట్టుముట్టి మింగడం ఈ గాజు గోడలోంచే చూసి 1884లో ప్రకటించాడు. ఒంట్లో రోగంతో పోరాడే కణాలున్నాయన్న ఆయన వాదనకు అది గట్టి ఆధారమైంది. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మూడో రకం కోపిపాడ్‌లు. సైక్లాప్స్ అంటే హైస్కూల్లో చదివినవాళ్లకు గుర్తుండొచ్చు. నుదుట ఒకే కన్ను, వెనక గుడ్ల సంచులు. ఈ కోపిపాడ్‌లను జాతుల వారీగా విడదీసి చెప్పగలిగేవాళ్లు దేశంలో తక్కువ. అలాంటివారిలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి ముఖ్యులు. చెరువుల్లోనే కాదు, నది ఇసుక రేణువుల మధ్య సందుల్లోనూ భూగర్భజలంలోనూ బతికే సూక్ష్మ జీవుల్ని కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో ఆయన వెతికి వర్ణించారు. వాటిలో లోకానికి అంతకుముందు తెలియని జాతులున్నాయి. జాతి పేరు తేల్చడమంటే చిన్న పని కాదు. అర మిల్లీమీటరు జంతువు ఒంట్లోంచి ఐదో జత కాలును సూదితో విడదీసి, దాని మీది ముళ్లు లెక్కపెట్టాలి.

పాకంలో ఈత

వీటి మేత సంగతి అర్థం కావాలంటే ముందు నీటి గురించి మనకున్న అభిప్రాయం మార్చుకోవాలి. మనం కాలవలో రెండు బారలు ఈది చేతులు ఆపేసినా ఒళ్లు కాస్త ముందుకు సాగుతుంది. మిల్లీమీటరు జంతువుకు ఆ సాగడం లేదు. కాలు ఆగిన క్షణాన ఒళ్లూ ఆగుతుంది. దాని ఒడ్డూ పొడవూ అంత తక్కువ కాబట్టి నీటి జిగురే దానికి పెద్ద బలం. అరిసెలకు పట్టిన బెల్లం పాకంలో మనల్ని దించి ఈదమంటే ఎలా ఉంటుందో, తేట నీటిలో దాని బతుకు అలా ఉంటుంది. పాకంలో దువ్వెన పెట్టి లాగి చూడండి. పళ్ల సందుల్లోంచి పాకం జారిపోదు, దువ్వెనతో పాటే ముద్దగా కదులుతుంది. కోపిపాడ్ నోటి దగ్గర ఉన్న నూగు కాళ్లు చూస్తే జల్లెడలాగే ఉంటాయి. అవి నీటిని జల్లించి కణాల్ని పట్టుకుంటాయని చాలాకాలం అనుకున్నారు. 1981లో మిమి కోల్, రూడీ స్ట్రిక్లర్ ఒక సముద్రపు కోపిపాడ్‌ను అతివేగంగా పనిచేసే కెమెరాతో చిత్రీకరించి చూస్తే, ఆ కాళ్లు తెడ్లలా పనిచేస్తున్నాయని తేలింది. పచ్చకణం దగ్గరికి వచ్చినప్పుడు దాని చుట్టూ ఉన్న నీటి ముద్దతో సహా లాక్కుని, తర్వాత నీటిని పిండేస్తుంది. అంటే వచ్చినదల్లా మింగడం కాదు, ఏరుకుని తింటుంది.

డాఫ్నియా పద్ధతి మొరటు. చిప్ప లోపల కాళ్లు సెకనుకు అనేకసార్లు ఆడుతూ నీటిని తోడుతుంటాయి. సందులు మరీ సన్నం, చిప్ప మూసి ఉంది కాబట్టి ఒత్తిడి పుడుతుంది, నీరు సన్నటి నూగులోంచి బలవంతంగా దూరాల్సి వస్తుంది. పట్టుబడినదంతా నోటికి పోతుంది, ఎంపిక తక్కువ. పొడుగాటి నాచుపోగు అడ్డం పడిందా, తోక గోరుతో మొత్తం ముద్దనే బయటికి తోసి మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది. పెద్ద డాఫ్నియా ఒకటి రోజులో కొన్ని పదుల మిల్లీలీటర్ల నీటిని ఇలా వడపోయగలదు. లీటరు నీటిలో 30 ఉన్నాయనుకుందాం, ఒక్కొక్కటీ 30 మిల్లీలీటర్లు వడపోసిందనుకుందాం. రోజు తిరిగేసరికి దాదాపు ఆ లీటరంతా ఒకసారి వాటి కాళ్ల మధ్య నుంచి పోయినట్టే. పచ్చకణాలు రోజుకు ఒకసారి రెట్టింపయినా ఈ మేతకు తట్టుకోవడం కష్టం. తేట చెరువు రైతు వేసిన ఎరువు అక్కడికే పోయింది.

దీనికి ఒక ప్రమాదం కూడా తోడవుతుంది. పచ్చకణాలు పగలు చెరువుకు ఆక్సిజన్ ఇస్తాయి. వాటిని మేసేసి జంతువులే నిండిన చెరువులో ఇచ్చేవాళ్లు తగ్గి వాడుకునేవాళ్లు పెరుగుతారు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. నీరు తేటగా ఉందని మురిసిపోకూడదు.

చేప కన్ను

ఇంత మేసేవాళ్లున్నప్పుడు లోకంలో చెరువులన్నీ తేటగానే ఉండాలి కదా? లేవు. ఎందుకని?

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో క్రిస్టల్ లేక్ అనే చిన్న సరస్సు ఉంది. 1942లో జాన్ బ్రూక్స్ అక్కడ వల వేసినప్పుడు పెద్ద డాఫ్నియాలు, పెద్ద కోపిపాడ్‌లు దండిగా దొరికాయి. తర్వాత ఆ నీటిలోకి హెర్రింగ్ జాతి చేప ఒకటి వచ్చి చేరింది. ప్లవకాల్ని ఏరుకు తినడం దాని వృత్తి. 1964లో మళ్లీ వల వేస్తే పెద్దవి జాడ లేవు. మిగిలినవన్నీ చిన్నవి. బ్రూక్స్, ఆయన శిష్యుడు స్టాన్లీ డాడ్సన్ 1965లో దీన్ని రాసినప్పుడు ఇచ్చిన వివరణ చాలా సూటి. చేప కంటితో చూసి తింటుంది, కంటికి ముందు ఆనేది పెద్దది. చేపలు లేనిచోట పెద్ద జంతువులు మేతలో చిన్నవాటిని గెలుస్తాయి. చేపలున్నచోట పెద్దవి ముందు చస్తాయి, చిన్నవి బతికి బట్టకడతాయి. నా లెక్కలో మంచినీటి జీవశాస్త్రంలో అంత చిన్న వ్యాసం అంత పెద్ద మార్పు తెచ్చిన సందర్భాలు అరుదు. నీటి రంగును కింది నుంచి, అంటే ఎరువు నుంచి చూసే అలవాటున్నవాళ్లు పైనుంచి, అంటే చేప నుంచి చూడటం మొదలుపెట్టారు.

పెద్ద డాఫ్నియా పోతే దాని ఖరీదు ఎంతో విస్కాన్సిన్ రాష్ట్రంలో మాడిసన్ నగరం పక్కనున్న మెండోటా సరస్సు చెబుతుంది. అక్కడి నీటిని తేటగా ఉంచేది ఒక పెద్ద డాఫ్నియా. 2009లో ఆ సరస్సులో పొడుగాటి ముల్లు తోక ఉన్న ఒక పరాయి నీటి ఈగ కనిపించింది. యూరప్, ఆసియాల నుంచి ఓడల్లో నింపుకొచ్చిన నీటి ద్వారా ఉత్తర అమెరికాలోని మహాసరస్సులకు (గ్రేట్ లేక్స్) చేరిన జాతి అది. మేత దాని పని కాదు, వేట. డాఫ్నియాల్ని పట్టి తినేసింది. నీటిలోకి చూపు వెళ్లే లోతు దాదాపు ఒక మీటరు తగ్గింది. ఆ తేటదనాన్ని తిరిగి తేవాలంటే సరస్సులోకి వచ్చే భాస్వరాన్ని 71 శాతం తగ్గించాలని, దానికి 8.65 కోట్ల నుంచి 16.3 కోట్ల డాలర్లు అవుతుందని 2016లో పరిశోధకులు లెక్కగట్టారు. డాఫ్నియా అంతకాలం ఆ పనిని ఊరికే చేసిపెట్టిందన్నమాట.

చూపు లోతు కొలిచే సాధనం మాత్రం చాలా పాతది, చాలా చవక. తాడుకు కట్టిన పళ్లెం ఒకటి. దాన్ని దించుతూ ఎక్కడ కంటికి కనిపించకుండా పోతుందో అక్కడ తాడు కొలవడమే. ఆంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త 1865లో పోప్ గారి ఓడ మీద మధ్యధరా సముద్రంలో దీన్ని పరీక్షించాడు. మన చేపల రైతు మోచేతి దాకా చెయ్యి ముంచి అరచెయ్యి కనిపిస్తుందా లేదా అని చూసేదీ ఇదే పరీక్ష.

మన చెరువులకు వద్దాం. చలిదేశాల్లో చేప పిల్లలు ఏడాదిలో కొన్ని నెలలే దండిగా ఉంటాయి. మన దగ్గర నీళ్లున్నన్నాళ్లూ ఏవో చిన్న చేపలు మేస్తూనే ఉంటాయి. కాబట్టి చేపలున్న ఊరి చెరువులో పెద్ద డాఫ్నియా కోసం వెతికితే నిరాశే. మొయినా, సెరియోడాఫ్నియా, డయాఫనొసోమా లాంటి పొట్టివాళ్లు, రోటిఫర్లు దొరుకుతాయి. పెద్దవి కావాలంటే వానకు నిండి చేపలు చేరని గుంటల్లో చూడాలి. చేపల చెరువులో జంతుప్లవకాల్ని తినే పని బొచ్చె పిల్లలది. శీలావతి, మోసు వేరే తిండి చూసుకుంటే, బొచ్చె నీటి పైపొరలో నోరు తెరుచుకుని తిరుగుతూ మొప్పల దగ్గరి సన్నటి ముళ్లతో జంతుప్లవకాల్ని వడకడుతుంది. తేట చెరువులో బొచ్చె పిల్లలు వేశాక అదనంగా ఎరువు పడకపోయినా నీరు పచ్చబడటం మొదలైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. మేసేవాళ్లను మింగేవాళ్లు వచ్చారు.

అయితే ఈ లెక్క అన్నిచోట్లా పారదు. మురుగు చేరిన హుస్సేన్‌సాగర్ లాంటి నీటిలో పెరిగేది మైక్రోసిస్టిస్ అనే నీలిఆకుపచ్చ నాచు. అది జిగురు ముద్దలుగా పెరుగుతుంది, నోట్లో పట్టదు, పట్టినా తిండిగా పనికిరాదు, దానిలో కొన్నిటికి విషం కూడా ఉంటుంది. అక్కడ ఎన్ని చేపలు తీసేసినా నీటి ఈగలు నీటిని తేటపరచలేవు. మురుగు ఆపడం తప్ప దారి లేదు.

చేప కంటిబారిన పడకుండా ఉండటానికి వీటి దగ్గరా ఉపాయాలున్నాయి. లోతైన సరస్సుల్లో పగలంతా అడుగు చీకట్లో దాక్కుని, రాత్రి పైకొచ్చి మేస్తాయి. మన చెరువుల్లో ఆ లోతు లేదు కాబట్టి గట్టు వార కలుపు మొక్కల్లో దూరతాయి. ఇంకో ఉపాయం మరీ చిత్రం, అది చేప నుంచి కాదు, వేరే శత్రువు నుంచి తప్పించుకోవడానికి. బ్రాకియోనస్ అనే రోటిఫర్‌ను ఆస్ప్లాంక్నా అనే పెద్ద రోటిఫర్ మింగుతుంది. ఆస్ప్లాంక్నా తిరిగిన నీటిని వడకట్టి, అందులో బ్రాకియోనస్ తల్లిని పెంచితే, దానికి పుట్టే పిల్లలకు వెనకవైపు రెండు పొడుగాటి ముళ్లు మొలుస్తాయి. తల్లికి మొలవవు. ఫ్రాన్స్‌కు చెందిన ద బోషాంప్ 1952లో దీన్ని బయటపెట్టాడు. శత్రువు కనిపించనక్కర్లేదు, నీటిలో దాని వాసన చాలు. ముళ్లున్న పిల్ల ఆస్ప్లాంక్నా గొంతులో దిగదు.

మట్టిలో దాచిన గుడ్లు

వేసవిలో చెరువు నెర్రెలు విచ్చుతుంది. తొలకరి పడి నీళ్లు నిలిచిన కొద్ది రోజులకే రోటిఫర్లు, వారం పది రోజుల్లో మొయినాలు తయారు. ఎవరు తెచ్చి వేశారు?

బాగున్నన్నాళ్లూ నీటి ఈగల్లో ఆడవే ఉంటాయి. మగతోడు లేకుండా ఆడపిల్లల్నే కంటుంటాయి. ఇరుకు పెరిగి, తిండి తగ్గి, రోజులు బాగాలేవని తోచాక మగవి పుడతాయి. అప్పుడు జతకట్టి పెట్టే గుడ్లు వేరు. డాఫ్నియా తన చిప్పలో కొంత భాగాన్ని నల్లటి గట్టి పెట్టెగా మార్చి అందులో రెండు గుడ్లు పెట్టి విడిచేస్తుంది. అది ఎండకు ఎండుతుంది, గాలికి ఎగురుతుంది, కొంగ కాళ్లకు అంటుకుని పక్క ఊరికి పోతుంది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువుల పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. పైరుకు బలమని తోలిన ఆ మట్టిలో ఈ గుడ్లూ తరలే ఉంటాయి. పూడిక తీయడం తప్పని కాదు నేననేది. చెరువు పై మట్టిలో దాని రేపటి జనాభా ఉంటుందని గుర్తుంచుకుంటే, అంతా ఒకేసారి గీకేయకుండా ఒక మూల వదలడం పెద్ద ఖర్చు కాదు.

గుడ్లు ఎంతకాలం ఆగగలవు? అమెరికాలోని రోడ్ ఐలాండ్ చెరువుల బురదలోంచి తీసిన 300 ఏళ్లు దాటిన కోపిపాడ్ గుడ్లు పొదిగాయి. మినెసోటాలోని ఒక సరస్సు అడుగున సుమారు 700 ఏళ్ల నాటి డాఫ్నియా గుడ్లు కూడా పొదిగాయి. దీంతో పరిశోధకులకు అరుదైన అవకాశం చిక్కింది, తాతముత్తాతల్నీ మనవల్నీ పక్కపక్కన పెంచి పోల్చడం. జర్మనీ సరిహద్దులోని కాన్‌స్టాన్స్ సరస్సులో మురుగు పెరిగి విషనాచు వచ్చిన కాలానికి ముందు గుడ్లనూ, తర్వాతి గుడ్లనూ పొదిగించి విషనాచు కలిపిన మేత పెట్టారు. తర్వాతి కాలం డాఫ్నియాలు ఆ మేతకు మెరుగ్గా తట్టుకున్నాయి. కొన్ని దశాబ్దాల్లో పరిణామం జరిగిందని, ఆ బురద పొరలే సాక్ష్యమని 1999లో నెల్సన్ హెయిర్‌స్టన్ బృందం చూపించింది.

పాత చీర నాలుగు మడతలు

చెరువు నీళ్లు, దిగుడుబావి నీళ్లు తాగిన రోజుల్లో బిందె మూతికి గుడ్డ కట్టి వడకట్టేవారు. పరిశోధకుడి వలా ఈ గుడ్డా చేసే పని ఒకటే. తేడా ఏమిటంటే, అతనికి కావలసింది ఆగినది, ఇల్లాలికి కావలసింది దిగినది.

గుడ్డ కట్టనిచోట నారికురుపు ఉండేది. మీటరు దాకా పెరిగే దారం లాంటి పురుగు కాలి పుండులోంచి వారాల తరబడి బయటికి వస్తుంది. మంటకు తాళలేక ఆ మనిషి దిగుడుబావిలో కాలు ముంచితే పురుగు నీటిలోకి వేలాది పిల్లల్ని వదులుతుంది. వాటిని సైక్లాప్స్ తింటుంది. ఆ నీళ్లు తాగినవాళ్ల కడుపులో సైక్లాప్స్ అరిగిపోతుంది, లోపలి పురుగు పిల్ల బతుకుతుంది, ఏడాదికి కాలి దగ్గర తేలుతుంది. ఈ గొలుసులో సైక్లాప్స్ పాత్రను రష్యన్ శాస్త్రవేత్త అలెక్సీ ఫెద్చెంకో 1870 ప్రాంతంలో తుర్కెస్తాన్‌లో కనిపెట్టాడు. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఈ జబ్బు ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. దీనికి మందు లేదు, టీకా లేదు. దిగుడుబావుల్ని మూయించడం, బోర్లు వేయడం, సైక్లాప్స్‌ను చంపే టెమిఫాస్ చల్లడం, గుడ్డతో వడకట్టించడం, ఇంతే. వీటితోనే దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి విముక్తి పత్రం ఇచ్చింది.

కలరా సంగతి ఇంకా ఆసక్తికరం. కలరా సూక్ష్మజీవి ఎంత చిన్నదంటే ఏ చీర మడతల్లోంచైనా హాయిగా దూరిపోతుంది. కానీ నీటిలో అది ఒంటరిగా తిరగడం కంటే కోపిపాడ్ ఒంటికీ గుడ్ల సంచికీ అతుక్కుని ఉండటానికే ఇష్టపడుతుంది. అయితే కోపిపాడ్‌ను ఆపితే చాలు కదా అనుకున్నారు రీటా కోల్వెల్, ఆమె సహచరులు. బంగ్లాదేశ్‌లోని మత్లాబ్‌లో 65 ఊళ్లలో దీన్ని పరీక్షించి 2003లో ఫలితం ప్రకటించారు. చీరను నాలుగు మడతలు వేసి వడకట్టిన ఇళ్లలో కలరా 48 శాతం తగ్గింది. కొత్త చీర కంటే పాత చీర మేలు. ఉతికి ఉతికి పోగులు వదులై నూగు లేచి రంధ్రాలు చిన్నవవుతాయి.

వడకట్టి చూసిన దాన్ని రేపటికి దాచాలంటే పరిశోధకులు ఫార్మలిన్ వాడతారు. డాఫ్నియా విషయంలో దానికో చిక్కుంది. ఫార్మలిన్ తగలగానే చిప్ప ఉబ్బి తెరుచుకుని గుడ్లు బయట పడిపోతాయి, లెక్క తప్పుతుంది. ఫార్మలిన్‌లో చక్కెర కలిపితే ఉబ్బదు. ఇంటి దగ్గర చూడాలనుకునేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు. చీకటి పడ్డాక చెరువు అంచున గాజు సీసాను పక్కకు వాల్చి ముంచి, దాని అడుగు వైపు నుంచి టార్చి వేసి పట్టుకోండి. చాలా రకాలు వెలుగుకు వస్తాయి. ఎగిరెగిరి పడేది నీటి ఈగ. కుదుపు కుదుపుగా పరుగెత్తేది సైక్లాప్స్. మీసాలు బారుగా చాచి నిశ్చలంగా తేలుతూ ఉన్నట్టుండి దూకేది డయాప్టోమస్ అనే మరో కోపిపాడ్. ఇంకా అనుమానముంటే తల్లి వెనక వేలాడే గుడ్ల సంచులు లెక్కపెట్టండి. సైక్లాప్స్‌కు చెరో పక్కన ఒకటి చొప్పున రెండుంటాయి, డయాప్టోమస్‌కు మధ్యలో ఒకటే.